చదవడానికి మాత్రమే

మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది స్టోర్‌నెస్‌లో.
ఫ్యోర్డ్ మీద మంచూ కాదు, వానా కాదు,
రెండూ తేల్చుకోలేనిదేదో కురుస్తోంది.
గున్వోర్ వంటింటి బల్ల మీద నా లాప్‌టాప్,
ఆమె కాఫీ ఫ్లాస్కు,
గనివాళ్ల జీతాల టేపు.

టేపంటే టేపు కాదు.
అదెప్పుడో బంక కారి, పొరలు పొరలుగా ఊడింది.
మ్యూజియం వాళ్లు సన్నసెగ మీద వెచ్చబెట్టి
ఒక్కసారి, ఇక రెండోసారి లేదన్నట్టు తిప్పి,
దోసిట్లో నిలిచినంత పట్టిచ్చిన ఫైలు.

దాన్ని చూడ్డానికే ఈ చిన్న కిటికీ రాశాను.
మూడు చలికాలాలు పట్టింది.
ఎడమన అంకెలు, కుడిన అక్షరాలు, అంతే.
"ఇద్దరు చూస్తారా దీన్ని?" అంది మా ఆవిడ.
ఇవాళ్టికి ఇద్దరం.

ప్రతి బ్లాకు నుదుటా ఆరు బైట్లుంటాయి.
తన పొడవెంతో ఉంటుంది,
తనకు ముందుపోయినదాని పొడవెంతో కూడా ఉంటుంది.
అది తెలియనిదే
వెనక్కి ఒక్క అడుగు వేయలేం.

ఇ5, డి6, డి3, ఎఫ్1.
నేనింకా మీట నొక్కనే లేదు,
"వాల్యూమ్ లేబులు" అంది గున్వోర్,
వీధిలో పాత చుట్టాన్ని నడకను బట్టి పోల్చుకున్నట్టు.

తర్వాత పేర్లొచ్చాయి. అన్నీ గాయాలతో వచ్చాయి.
టోర్‌బ్యోర్న్ నడుమ ఈమెయిల్లో వాడే ఆ చుట్ట,
హోకొన్ గుండెలో డాలరు గుర్తు.
తప్పు నాది. అమెరికా అక్షరాల పట్టిక పెట్టి
నార్వే మనుషుల్ని పిలిచాను.
పట్టిక మార్చాను.
గీత కొట్టిన సున్నలు, నెత్తిన సున్నపెట్టుకున్న అక్షరాలు
ఎవరి ఇంటికి వాళ్లు చేరినట్టు చేరాయి.
గున్వోర్ నవ్వింది, పళ్లసెట్టు సర్దుకుంటూ.
"వీడు అకార్డియన్ వాయించేవాడు.
వీడు నాకు పది క్రోనర్లు బాకీ."

హోకొన్ మ్యూర్‌వోగ్ దగ్గర నవ్వు ఆగింది.

జీతం గడిలో ఒక్కో బైటుకి రెండేసి అంకెలు
ఇరుక్కుని కూర్చుంటాయి. చిట్టచివర ఒక అక్షరం.
సి అంటే కంపెనీ ఇవ్వాలి.
డి అంటే మనిషి ఇవ్వాలి.
18, 65, 0డి.
నూట ఎనభై ఆరున్నర క్రోనర్లు, మైనస్.
ఇందాక పేరులో రెండు డాలర్లు వేలాడిన మనిషి.

"తొమ్మిదో తారీఖున పైకప్పు కూలింది," అంది.
"అడ్వాన్సు ముందే తీసుకున్నాడు. బూట్లు, తలదీపం.
ఆ రాత్రి షిఫ్టు నాదే.
మైనస్‌కి చెక్కు అచ్చవదు.
వసూలు ఉత్తరం అచ్చవుతుంది, భార్య పేరున."

వెళ్లిందా ఆ ఉత్తరం?

కాఫీ వంచింది. కప్పు నిండాక కూడా కాసేపు
ఫ్లాస్కు వంచే పట్టుకుంది.
"ప్రింటరు దగ్గర కాగితాలు చించేది నేనే," అంది.
అంతే అంది.

రెండువందల పన్నెండో బ్లాకు చదవలేదు యంత్రం.
అక్కడ ఎవరుండేవారో ఆమెకూ తట్టలేదు.
చాలాసేపు ఆ ఎర్రగీతనే చూస్తూ కూర్చుంది,
ఒక్కో పేరూ గొణిగి, కాదని తల ఊపుతూ.

వెనక్కి పొమ్మంది. పోయాను,
ముందుదాని కొలత, దాని ముందుదాని కొలత పట్టుకుని.
గోరు వంగిన వేలితో తెర మీద
ఆ డి మీద నొక్కింది. వేలిముద్ర పడింది.
"ఇది సి చెయ్యడం కుదురుతుందా?"
కుదరదన్నాను. చదవడానికి మాత్రమే.
"మంచిది," అంది.
ఎందుకు మంచిదో చెప్పలేదు.

ఇంటికొచ్చి చూసుకుంటే, పై వరుస మెనూలో
ఎప్పుడో మొదట్లో పెట్టి మరిచిన మాట:
"సవరించు."
బూడిదరంగులో ఉంది, నొక్కినా పలకదు.
తీసేశాను.
తెర మీద వేలిముద్ర మాత్రం
ఇంకా తుడవలేదు.